కొండచిలువ ఛాయాచిత్రాలు - ఒక విమర్శ

మసక వెలుగులో తాడును చూసి పామని భ్రమపడటం మన తత్త్వశాస్త్రాలలో చాలా పాత ఉదాహరణ. దీపం తెస్తే భ్రాంతి తొలగి తాడు తాడుగానే కనిపిస్తుందని పెద్దలు చెప్పారు. కాని వెలుగు ఉన్నంత మాత్రాన భ్రాంతి పోతుందనుకోవడానికి వీలులేదు. వెలుగు ఏ దిక్కు నుంచి పడుతున్నది, ఎంత తీక్షణంగా పడుతున్నది, దాని రంగు ఏమిటి అనే విషయాలను బట్టి కంటికి కనిపించే రూపం మారిపోతూ ఉంటుంది. నేటి ఛాయాచిత్రాల వల్ల ఒక పామును చూసి మరొక పామని భ్రమపడే అవకాశం ఏర్పడింది. తాడును చూసి భయపడినవాడికి నష్టం లేదు. రక్తపింజరను చూసి కొండచిలువ పిల్ల అనుకొన్నవాడికి ప్రాణనష్టమే కలుగవచ్చు.

ఇప్పుడు ఇంచుమించు ప్రతి ఇంటా సెల్‌ఫోను రూపంలో ఒక కెమెరా ఉన్నది. చెరకుతోటలోనో, వాగు గట్టునో కొండచిలువ కనిపించిందంటే, అటవీ శాఖవారు వచ్చేలోగానే దాని బొమ్మలు ఊరు దాటి పోతాయి. ఇతర దేశాలలో కొండచిలువలను పెంచుకొనేవారు తమ పామును పెరటిలోకి తెచ్చి పగటి వెలుగులో తీసిన చిత్రాలను కూడా మన విద్యార్థులు చూస్తున్నారు. ఈ చిత్రాలను చూసి ఆశ్చర్యపడేవారు, మెచ్చుకొనేవారు చాలామంది ఉన్నారు. వాటిని శాస్త్రదృష్టితో పరీక్షించేవారు తక్కువ. కావ్యాన్ని విమర్శించడానికి కొన్ని లక్షణాలు ఏర్పరచుకొన్నట్లే, జంతువు ఛాయాచిత్రాన్ని విమర్శించడానికీ లక్షణాలు ఉండాలి గదా! అవి ముఖ్యంగా రెండు. ఆ చిత్రం జంతువును గురించి నిజం చెబుతున్నదా? ఆ నిజాన్ని రాబట్టడంలో జంతువుకు హాని జరిగిందా? ఈ రెండు ప్రశ్నలను కొలబద్దలుగా పెట్టుకొని కొండచిలువ చిత్రాలను పరిశీలిద్దాం.

పెద్దపొడ, కాటుకరేకుల పొడ

పాము బొమ్మ దేనికి పనికి రావాలి అనే ప్రశ్నకు తెలుగునాట చాలాకాలం కిందటనే ఒక సమాధానం దొరికింది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు దేశపు వైద్యుడు 1781లో విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను కర్ణాటక ప్రాంతానికి ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించింది. పాముకాటు ఆయన దృష్టిని ఆకర్షించింది. విషం గల పాములను విషం లేని పాముల నుంచి గుర్తించే మార్గాన్ని ఏర్పరచడం ఆయన ఆశయాలలో ఒకటి. కోరమాండల్ తీరంలో సేకరించిన పాములను వర్ణిస్తూ ఆయన రచించిన పెద్ద గ్రంథం మొదటి సంపుటం 1796లో లండనులో అచ్చయింది. దానిలో చేతితో రంగులు వేసిన పాముల బొమ్మలు ఉన్నాయి.

తెలుగువారికి సంతోషం కలిగించే విషయం ఒకటి అందులో ఉన్నది. రస్సెల్ స్థానికులు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు లిపిలో రాసి బొమ్మలకు జతపరచాడు. కొండచిలువకు ఆయన రాసిన పేరు 'పెద్దపొడ'. రక్తపింజరకు రాసిన పేరు 'కాటుకరేకుల పొడ'. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు ఇచ్చిన 'బుంగారస్' అనే పేరు కూడా మన 'బంగారం' నుంచి పుట్టినదే. పొడ అంటే మచ్చ. కొండచిలువ అనే మాటలోని 'చిలువ' చిలుక కాదు. ప్రాచీన తెలుగులో చిలువ అంటే పాము. కొండచిలువ అనగా కొండపాము అన్నమాట.

రెండు పేర్లలోనూ 'పొడ' అనే మాట ఉండటం గమనించదగినది. ఒకటి విషం లేనిది, నిదానంగా కదిలేది. రెండవది మన దేశంలో అత్యధికంగా ప్రాణాలు తీసే పాములలో ఒకటి; దీనికే రస్సెల్ పేరును 1797లో శాస్త్రీయ నామంలో చేర్చారు. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలిచిన పల్లెవాసులు వాటి పోలికను ముందే కనిపెట్టారు. రెండింటి ఒంటిపైనా గోధుమరంగు మచ్చలే. రెండింటి తలపైనా బాణపు మొనను పోలిన గీతలే. కొండచిలువ పిల్ల పుట్టినప్పుడే ఇంచుమించు రెండడుగులు ఉంటుంది కనుక, పొడవును బట్టి కూడా భేదం తెలియదు. అందుచేత 'మచ్చల పాము' అని మాత్రమే చెప్పే బొమ్మ సగం బొమ్మ. ఏ మచ్చల పామో చెప్పగలిగితేనే అది శాస్త్రానికి పనికివస్తుంది.

రస్సెల్ బొమ్మలను ఈ దృష్టితో చూస్తే వాటి గుణమూ, దోషమూ రెండూ తెలుస్తాయి. బొమ్మ ఒక్కటే చాలదని ఆయన గ్రహించాడు. బొమ్మకు తోడుగా పొట్టపై పలకల సంఖ్య, తోక అడుగు పొలుసుల సంఖ్య, శరీరం కొలతలు ఇచ్చాడు. ఇది గొప్ప గుణం. ఇక చేతితో రంగు వేసిన బొమ్మలు కనుక, ఒక ప్రతికీ మరొక ప్రతికీ ఛాయలో కొంత తేడా రాక తప్పదు. పాము పరిసరం నుంచి విడిపోయి తెల్లకాగితంపై చుట్ట చుట్టుకొని ఉంటుంది. ఎండుటాకులలో ఆ మచ్చలు ఎలా కలిసిపోతాయో ఆ బొమ్మ చెప్పలేదు. ఆరుబయట, సహజమైన వెలుగులో తీసిన ఛాయాచిత్రం తీర్చవలసిన లోటు ఇదే.

పొలుసులపై వెలుగు

కొండచిలువకు, రక్తపింజరకు గల భేదాలను ఒకసారి జ్ఞాపకం చేసుకొందాం. 1758లో లిన్నేయస్ నామకరణం చేసిన భారతీయ కొండచిలువ పొలుసులు నున్ననివి, మెరుపు గలవి, చాలా చిన్నవి. నడుము చుట్టూ సుమారు 60 నుంచి 70 వరుసలు ఉంటాయి. రక్తపింజర పొలుసులు గరుకైనవి. ఒక్కొక్క పొలుసు మధ్య పడవ అడుగున ఉండే దూలం వంటి ఒక గట్టు ఉంటుంది. వరుసలు 30 ప్రాంతంలోనే ఉంటాయి. కొండచిలువ మచ్చలు పెద్దవి, వంకరటింకర అంచులు గలవి, పటంలోని ఎల్లల వలె ఒకదానితో ఒకటి ఒరుసుకొని ఉంటాయి. రక్తపింజర మచ్చలు అండాకారంలో, గొలుసు లంకెల వలె, మూడు వరుసలలో క్రమంగా సాగుతాయి. కొండచిలువ మూతి పైభాగంలో పెద్ద పలకలు, పెదవుల దగ్గర వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి. రక్తపింజర తల అంతటా చిన్న గరుకు పొలుసులే.

ఈ లక్షణాలలో చాలా భాగం వెలుగును బట్టి బయటపడేవి లేక మరుగుపడేవి. పొలుసుపై గట్టు ఎత్తు మిల్లీమీటరులో ఏ కొద్ది భాగమో ఉంటుంది. దానిని కంటికి చూపేది దాని నీడ. వెలుగు ప్రక్క నుంచి ఏటవాలుగా పడితే, సాయంకాలపు ఎండలో నాగటిచాళ్ళు స్పష్టంగా కనిపించినట్లు, ప్రతి గట్టూ తన నీడతో కనిపిస్తుంది. కెమెరాకు అమర్చిన ఫ్లాష్ నుంచి వచ్చే వెలుగు మన చూపు పోయే దారినే పోతుంది. నీడ గట్టుకు వెనుక, మనకు కనపడని వైపు పడుతుంది. దానితో గరుకు పాము నున్నగా కనిపిస్తుంది. నున్నని పామైన కొండచిలువపై ఫ్లాష్ తెల్లని మరకవలె ప్రతిఫలించి మచ్చలనే తుడిచివేస్తుంది. అనగా ఈ రెండు పాములను వేరుచేసే లక్షణాలనే ఫ్లాష్ చెరిపివేస్తున్నది. రాత్రిపూట హడావిడిగా తీసిన చిత్రాలను చూసి పామును నిర్ణయించడం అపాయకరమని చెప్పడానికి ఇది చాలు.

కొండచిలువ వంటి పొడవైన జంతువు విషయంలో ఫ్లాష్‌కు మరొక దోషం ఉన్నది. దీపం నుంచి దూరం పెరిగినకొద్దీ వెలుగు దూరవర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందని విద్యార్థులు చదివే ఉంటారు. పాము తల కెమెరాకు 1 మీటరు దూరాన, తోక 3 మీటర్ల దూరాన ఉన్నదనుకోండి. తలపై పడే వెలుగులో తొమ్మిదవ వంతు మాత్రమే తోకపై పడుతుంది. తల సున్నం కొట్టినట్లు తెల్లబడుతుంది, లేకపోతే తోక చీకటిలో కలిసిపోతుంది. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. ఆ దూరంలో 2 మీటర్ల తేడా లెక్కలోకి రాదు. కనుక తల మొదలు తోక వరకు ఒకే వెలుగు ఇవ్వగల దీపం సూర్యుడే. సహజకాంతిని మెచ్చుకోవడానికి కవితాత్మకమైన కారణాలు వెదకనక్కరలేదు. భౌతికశాస్త్రమే కారణం చెబుతున్నది.

రాయికోడ్ ఎండలో

అయితే సూర్యుని వెలుగు అన్ని వేళలా ఒక్కటి కాదు. మన సంగారెడ్డి జిల్లాలోని రాయికోడ్‌ను ఉదాహరణగా తీసుకొందాం. ఈ ఊరు జహీరాబాదు ప్రాంతంలో, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొంచెం దక్షిణంగా ఉన్నది. కర్కటరేఖకు లోపల ఉన్నందున, సంవత్సరంలో రెండు పర్యాయాలు, మే 10 ప్రాంతంలోను, ఆగస్టు 2 ప్రాంతంలోను, సూర్యుడు మధ్యాహ్నవేళ ఇక్కడ సరిగా నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు 22న కూడా మధ్యాహ్నం సూర్యుని ఎత్తు సుమారు 49 డిగ్రీలు. మన గడియారాలు 82½ డిగ్రీల రేఖాంశపు కాలాన్ని చూపుతాయి కనుక, ఇక్కడ నిజమైన మధ్యాహ్నం సగటున 12 గంటలు దాటిన 20 నిమిషాలకు దగ్గరగా వస్తుంది. ఐరోపా దేశాలలో రాసిన ఛాయాగ్రహణ గ్రంథాలలోని నియమాలను ఇక్కడ యథాతథంగా పాటించడం ఎందుకు కుదరదో దీనిని బట్టి తెలుస్తుంది. అక్కడి మధ్యాహ్నపు ఎండ ఇక్కడ ఉదయం తొమ్మిది గంటల ఎండతో సమానం కావచ్చు.

నడినెత్తి ఎండలో పాము వీపు వెలిగిపోయి, ప్రక్కలు నల్లబడతాయి. పాము ప్రక్కల ఉండే మచ్చల వరుస ఆ నీడలో మాయమవుతుంది. రక్తపింజరకు మూడు వరుసల మచ్చలున్నాయని చెప్పే సాక్ష్యమే పోతుంది. కనుక వంచిన వెలుగు కావాలి. దీనిని కొలవడానికి యంత్రం అవసరం లేదు. ఒక మీటరు కర్రను నిటారుగా నిలిపి నీడను కొలవండి. నీడ 2 మీటర్లు ఉంటే సూర్యుని ఎత్తు సుమారు 27 డిగ్రీలు. నీడ అంతకు తగ్గని వేళలు పొలుసులను చూపడానికి అనుకూలమైనవి. మార్చి, సెప్టెంబరు నెలలలో పగలు, రాత్రి సమానమయ్యే రోజులలో రాయికోడ్‌లో ఇవి ఉదయం 8 గంటలు దాటిన కొద్దిసేపటి వరకు, సాయంత్రం 4½ గంటల ప్రాంతం నుంచి వస్తాయి. ఈ లెక్కను విద్యార్థులు తమ ఊరిలో నెలనెలా కట్టి చూడవచ్చు. త్రికోణమితిలోని టాంజెంటుకు ఇంతకన్న మంచి ఉపయోగం దొరకదు.

చెట్టునీడ, గోడనీడ మరొక విధమైన వెలుగు ఇస్తాయి. అక్కడ దీపం సూర్యుడు కాదు, విశాలమైన ఆకాశం. అంత పెద్ద దీపం నుంచి వచ్చే వెలుగు నున్నని పొలుసులపై మరకలు చేయదు. మచ్చల ఆకారం, రంగు స్పష్టంగా కనిపిస్తాయి. కాని ఆకాశపు వెలుగు నీలిఛాయ గలది. పైగా నేల రంగు కూడా పాము పొట్టపై, ప్రక్కలపై ప్రతిఫలిస్తుంది. జహీరాబాదు, బీదరు వైపు ఎర్రని లేటరైటు నేలలు, ఈ ప్రాంతంలోనే వేరొకచోట నల్లరేగడి ఉన్నాయి. ఎర్రనేలపై తీసిన పాము కొంచెం ఎర్రగా వస్తుంది. నల్లరేగడిపై సంభవించేది మరొక తప్పు. కెమెరా తన ముందున్న దృశ్యమంతా నడిమి బూడిదరంగు అనుకొని వెలుగును నిర్ణయిస్తుంది. నేల నల్లగా ఉంటే వెలుగు చాలలేదని భ్రమించి ఎక్కువ వెలుగు తీసుకొంటుంది, పాము పాలిపోతుంది. తెల్లని సున్నపు గోడ ముందు ఇందుకు వ్యతిరేకంగా జరిగి పాము నల్లబడుతుంది. తాడుకు పాము రూపం ఇచ్చినది చూసేవాని మనస్సు. పాముకు ఇతర రంగులు ఇచ్చేది కెమెరా ఊహ. చిత్రం ఒక మూల బూడిదరంగు అట్టముక్క ఒకటి కనిపించేలా ఉంచితే, తరువాత రంగును సరిదిద్దుకోవచ్చు.

కొండచిలువ ఒంటిపై ఎండలో కనిపించే ఇంద్రధనుస్సు రంగులను గురించి ఒక మాట. అవి వర్ణద్రవ్యం వల్ల వచ్చినవి కావు. పొలుసు పైపొర సూక్ష్మనిర్మాణం వల్ల కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి పుట్టే రంగులు. నీటిపై నూనెతెట్టెలో కనిపించే రంగులకు ఇవి చుట్టాలు. కోణం మారితే మాయమవుతాయి. ఈ రంగులను చూపే చిత్రం అసత్యం కాదు, కాని దానిని చూసి 'నీలిరంగు కొండచిలువ' అని పేరుపెట్టడం అసత్యం. అందుచేత ఒకే చిత్రంతో తృప్తిపడే ఛాయాగ్రాహకుడు సగం పనే చేసినవాడు. మెరుపును, నున్నదనాన్ని చూపడానికి ఏటవాలు ఎండలో ఒకటి, మచ్చలను చూపడానికి నీడలో ఒకటి, పరిసరంలో అది ఎలా కలిసిపోతుందో చూపడానికి దూరం నుంచి ఒకటి - ఈ మూడు చిత్రాలు కలిస్తేనే కొండచిలువను గురించి ఒక పూర్తి వాక్యం అవుతుంది.

పెంపుడు పాముల చిత్రాలు

ఇతర దేశాలలో పెంపుడు కొండచిలువలను బయటికి తెచ్చి తీసే చిత్రాలలో మెచ్చుకోదగినది లేకపోలేదు. వాటిని తీసేవారికి తొందర లేదు. పాము వారికి అలవాటుపడినది. పలుచని మేఘం పట్టిన వేళ కోసం, నీడ కోసం వారు ఎదురుచూడగలరు. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన బంతి కొండచిలువను ఇట్టి వెలుగులో తీసిన మంచి చిత్రాలలో ప్రతి పొలుసు లెక్కపెట్టడానికి వీలవుతుంది. వెలుగును గురించి మనం నేర్చుకోవలసిన పాఠం ఇక్కడ ఉన్నది.

దోషాలు కూడా ఉన్నాయి. చాలా చిత్రాలలో పాము కోసిన పచ్చిక మీదనో, యజమాని మెడలోనో ఉంటుంది. పచ్చిక దాని నివాసం కాదు. మెడ అసలే కాదు. మెడలో పాముతో తీసిన చిత్రం పామును గురించి చెప్పేది ఏమీ లేదు, మనిషి ధైర్యాన్ని గురించి మాత్రం చాలా చెబుతుంది. అట్టి చిత్రాన్ని చూసిన బాలుడు తన పొలంలో కనబడిన మచ్చల పామును ఎత్తుకోబోతే, ఆ తప్పులో చిత్రానికి భాగం లేదనగలమా? ఇక బయటికి తెచ్చిన పాము తప్పించుకొన్నా, పెంచలేక విడిచిపెట్టినా ఏమవుతుందో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం చెబుతున్నది. అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలలో బర్మా కొండచిలువలు స్థిరపడి, స్థానిక జంతువులను తినివేస్తున్నాయి. 2012లో అమెరికా ప్రభుత్వం వాటి దిగుమతిని నిషేధించింది. 2021లో ఫ్లోరిడా వాటిని నిషిద్ధ జంతువుల జాబితాలో చేర్చింది.

మన దేశంలో పరిస్థితి వేరు. భారతీయ కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని పెంచడమే గాక పట్టడం కూడా నేరం. మూడు నుంచి ఏడు సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. విదేశీ జాతులను గురించి 2022లో చట్టాన్ని సవరించి, 2024లో నమోదు నియమాలు ప్రకటించారు. కనుక రాయికోడ్ విద్యార్థికి 'పెంపుడు కొండచిలువ' అనే వస్తువు లేదు. పట్టుకొన్న పామును కర్రలతో సాగదీసి, పదిమంది ఎత్తి నిలబడి తీయించుకొన్న బొమ్మ ధైర్యానికి గాక, నేరానికి సాక్ష్యంగా మిగులుతుంది.

ఇట్టి చిత్రాలలో శాస్త్రదోషం కూడా ఒకటి ఉన్నది. పామును కర్రపై ముందుకు చాచి, మనిషి వెనుక నిలబడితే, విశాలమైన దృశ్యాన్ని పట్టే సెల్‌ఫోను కటకం ముందున్న పామును చాలా పెద్దదిగా, వెనుక ఉన్న మనిషిని చిన్నవాడుగా చూపుతుంది. పది అడుగుల పాము ఇరవై అడుగులని వార్తలో పడుతుంది. నిజానికి మన కొండచిలువ సాధారణంగా 3 మీటర్ల లోపే ఉంటుంది. పొడవు చెప్పదలచిన చిత్రంలో కొలబద్ద పాము ఉన్న తలంలోనే ఉండాలి. పామును కదిలించడానికి వీలులేదు కనుక, అది వెళ్ళిపోయిన తరువాత అదే చోట కొలకర్రను ఉంచి, కెమెరాను కదల్చకుండా రెండవ చిత్రం తీస్తే చాలు. రెండింటినీ పోల్చి పొడవు కట్టవచ్చు.

పాముకు ఎండ అంటే ఏమిటి

వెలుగు మనకు చూపునిచ్చే సాధనం. పాముకు అదే జీవనాధారం, అదే మృత్యువు కూడా. పాము తన ఒంటి వేడిని లోపల తయారుచేసుకోలేదు. ఎండకు వచ్చి పెంచుకొంటుంది, నీడకు పోయి తగ్గించుకొంటుంది. గుడ్లను పొదిగే ఆడ కొండచిలువ ఈ నియమానికి ఒక విచిత్రమైన మినహాయింపు. అది కండరాలను వణికించి వేడి పుట్టిస్తుందని 1966లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలోని ఒక కొండచిలువపై పరిశోధించి ప్రకటించారు. మిగిలిన వేళలలో కొండచిలువ ఎండకు, నీడకు మధ్య తిరుగుతూనే బ్రతకాలి. శరీరపు వేడి 40 డిగ్రీల సెల్సియస్‌ను సమీపిస్తే దానికి ప్రాణాపాయం. ఏప్రిల్ ఎండలో నల్లరేగడి, నల్లరాయి 50 డిగ్రీలు దాటి కాలడం వింత కాదు. 'మంచి వెలుగు' కోసం అట్టి నేలపై పామును అట్టేసేపు ఉంచితే, ఛాయాచిత్రం దాని మరణచిత్రం కావచ్చు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వద్ద ఉన్న కేవలాదేవ్ జాతీయోద్యానంలో చలికాలపు పగళ్ళలో కొండచిలువలు బొరియల నుంచి వచ్చి ఎండ కాచుకొంటాయి. ఎస్. భూపతి, వి. ఎస్. విజయన్ అనే శాస్త్రజ్ఞులు అక్కడి కొండచిలువలను అధ్యయనం చేసి 1989లో ప్రకటించారు. సహజకాంతిలో కొండచిలువను చూడటానికి మన దేశంలో అంతకన్న మంచి చోటు అరుదు. పామును ఎవరూ తెచ్చి ఎండలో పెట్టలేదు. తనకు కావలసినప్పుడు తానే వచ్చింది. చిత్రం కోసం దగ్గరకు పోయి బెదరగొడితే అది బొరియలోకి పోతుంది. ఆనాటి ఎండ దానికి నష్టం. దూరం నుంచి, దానికి తెలియకుండా తీసిన చిత్రమే అక్కడ ఉత్తమ చిత్రం.

పాముకు కనురెప్పలు లేవు. కంటిని కాపాడేది పారదర్శకమైన ఒక పొలుసు. కుబుసం విడిచే ముందు ఆ పొలుసు నీలితెలుపుగా మసకబారుతుంది. అట్టి పామును చూసి 'గుడ్డి పాము' అనుకోవడం, దానిని ఆ స్థితిలో ఫొటోకై వేధించడం రెండూ తప్పే. మేత మింగిన పామును కదిలిస్తే మింగినదాన్ని కక్కివేస్తుంది. ఉబ్బిన పొట్టతో ఉన్న కొండచిలువను చుట్టుముట్టి తీసే చిత్రాలు అందుకే అన్నిటికన్న క్రూరమైనవి.

ఉపాధ్యాయులు చేయదగిన పని

ఈ విమర్శ అంతా కెమెరా పట్టేవారికి మాత్రమే అనుకోరాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అనగా సాలీనా సగటున 58 వేల మంది మరణించారని 2020లో ప్రకటించిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. ఇందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు గల వానకాలంలోనివి. సరియైన బొమ్మ గల పాఠం ఈ లెక్కను కొంతైనా తగ్గించగలదు. తప్పుడు బొమ్మ గల పాఠం పెంచనూ గలదు. రోములస్ విటేకర్, అశోక్ కెప్టెన్ 2004లో ప్రకటించిన భారతీయ సర్పాల గ్రంథంలో ఛాయాచిత్రాలతో పాటు పొలుసుల వివరాలు కూడా ఇచ్చారు. రస్సెల్ పద్ధతి, కెమెరా పద్ధతి అక్కడ కలిశాయి. బడిలో గోడకు అంటించే బొమ్మలకు అది తగిన ఆదర్శం.

పాము లేకుండానే విద్యార్థులకు ఈ విద్య నేర్పవచ్చు. చేతిలావు కొబ్బరితాడు ఒకటి, అంతే లావు గల నున్నని రబ్బరుగొట్టం ఒకటి తీసుకొని, రెండింటిపైనా ఒకే రకం గోధుమరంగు మచ్చలు వేయండి. నల్లరేగడిపై, ఎర్రనేలపై, ఎండుటాకులపై ఉంచండి. ఉదయం ఏటవాలు ఎండలో, నడిమధ్యాహ్నం, చెట్టునీడలో, ఫ్లాష్‌తో చిత్రాలు తీయించండి. ఏ చిత్రంలో తాడు గరుకుదనం, గొట్టం నున్నదనం స్పష్టంగా తెలుస్తున్నాయో విద్యార్థులనే నిర్ణయించమనండి. గరుకు పొలుసుల రక్తపింజరను, నున్నని కొండచిలువను వేరుచేయడంలో వెలుగు పాత్ర ఏమిటో ఒక్కరోజులో వారికే తెలుస్తుంది. పాత ఉదాహరణలోని తాడు ఈ విధంగా ప్రయోగశాలకు కూడా పనికివస్తుంది.

నిజమైన కొండచిలువను చూడదలచినవారు 1963లో ప్రారంభమైన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు పోవచ్చు. అద్దం వెనుక ఉన్న పామును తీయవలసివస్తే, ఫ్లాష్ ఆపి, కెమెరాను అద్దానికి ఆనించి, పక్క వెలుగు కోసం వేచి ఉండాలి. ఊరిలో పాము కనిపించితే అటవీ శాఖవారికి గాని, హైదరాబాదులోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థలకు గాని తెలియజేసి, దూరంగా నిలిచి చూడటం మంచిది. ఏ చిత్రాన్ని చూసి ఎంత నమ్మకం కలిగినా, తెలియని మచ్చల పామును విషపు పాముగానే భావించి ఎడంగా ఉండాలి. కరిస్తే మంత్రాలకు, నాటుమందులకు కాలం పోగొట్టక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఇకమీదట ఒక కొండచిలువ చిత్రం తరగతిలోకి వచ్చినప్పుడు ఉపాధ్యాయులు నాలుగు ప్రశ్నలు వేయించవలెనని మా సూచన. వెలుగు ఎటు నుంచి పడింది? పొలుసులు నున్ననివో గరుకైనవో తెలుస్తున్నదా? దాని పొడవును నమ్మడానికి కొలత ఉన్నదా? ఈ చిత్రం తీసిన తరువాత ఆ పాము తన దారిన తాను క్షేమంగా పోయి ఉంటుందా? మొదటి మూడు ప్రశ్నలకు భౌతికశాస్త్రం, జంతుశాస్త్రం, గణితం సమాధానం చెబుతాయి. నాలుగవదానికి తృప్తికరమైన సమాధానం రాని చిత్రాన్ని, అది ఎంత అందమైనదైనా, బడి గోడకు అంటించకపోవడమే న్యాయం.